వాసన పట్టెడి దీపము

జ్ఞానేంద్రియములు ఐదు. వానిలో మానవుడు కంటిని మిక్కిలిగా నమ్మును. చెవిని కొంత నమ్మును. ముక్కును అంతగా లెక్కింపడు. పొయ్యిమీద పాలు మాడినపుడో, తొలకరి చినుకు ఎండిన నేలపై పడినపుడో, పెరటిలో సంపెంగ పూచినపుడో గాని మనకు ముక్కున్న సంగతి జ్ఞప్తికి రాదు. కుక్క స్థితి అట్టిది కాదు. దానికి లోకమంతయు వాసనలమయము. మనిషి నడచిపోయిన త్రోవను గంటలు గడచిన పిమ్మట కూడ అది కనుగొనగలదు. ‘పసిగట్టుట’ అను మన మాటకు మొదటి అర్థము వాసన పట్టుటయే. కాలక్రమమున ఆ మాట దాగియున్న దేనినైనను కనుగొనుట అను అర్థమున చెల్లినది. కుక్క పసిగట్టునంతటి సూక్ష్మముగా, వెలుగు సాయమున, నేలలో దాగియున్న మృత్యువును పసిగట్టుటకు శాస్త్రజ్ఞులు చేసిన ప్రయత్నమే ఈ పాఠమున చెప్పబడు విషయము.

ముగిసియు ముగియని యుద్ధమొకటి కలదు. సైనికులు ఇండ్లకు మరలిపోవుదురు, ఫిరంగులు మూగవోవును, సంధిపత్రములపై చేవ్రాళ్లు పడును. కాని నేలలో పాతిపెట్టిన మందుపాతరలకు సంధి జరిగినట్లు ఎవ్వరును చెప్పలేరు. పదియేండ్ల తరువాతనో, ముప్పదియేండ్ల తరువాతనో దానిపై అడుగిడినవాడు శత్రువా, నాగలి పట్టిన రైతా, పశువులను కాచు బాలుడా అని అది విచారింపదు. కంబోడియా, అంగోలా, అఫ్ఘనిస్తానము మొదలగు దేశములలో పంటపొలములును, నీటిరేవులును, బడికి పోవు బాటలును ఇందువలన భయస్థానములైనవి. నేటికిని ప్రపంచమున ప్రతి సంవత్సరము వేలకొలది జనులు మందుపాతరల వలనను, ప్రేలక మిగిలిన గుండ్ల వలనను ప్రాణములనో, కాలుసేతులనో కోల్పోవుచున్నారు. వారిలో పెక్కురు యుద్ధముతో నిమిత్తము లేని సామాన్యులు. అందును పిల్లలు అనేకులు.

మనుష్యులను చంపుటకై మందుపాతరలను ప్రయోగింపరాదని 1997వ సంవత్సరమున కెనడా దేశమందలి ఒట్టావా నగరమున ఒక ఒడంబడిక జరిగెను. అది 1999 మార్చి 1వ తేదీన అమలులోనికి వచ్చెను. నూటయేబదికి పైగా దేశములు దానియందు చేరినవి. అయినను ఒడంబడిక క్రొత్త పాతరలను పాతనీయకుండ ఆపగలదే గాని, పాతియున్న వానిని పైకి తీయజాలదు. ఆ పని మనుష్యులే చేయవలెను. అది యెంత కష్టమో తెలిసికొందము.

రెండవ ప్రపంచయుద్ధకాలమున పోలండు దేశపు సైనికాధికారి యోజెఫ్ కొసాట్స్కి చేతితో పట్టుకొని నడువదగిన లోహశోధకమును నిర్మించెను. 1942లో ఈజిప్టుదేశమున ఎల్ అలమీన్ కడ జరిగిన యుద్ధమున అది బ్రిటిషు సేనలకు మిక్కిలి తోడ్పడెను. నేలలో ఇనుము ఉన్నచోట అది కూయును. ఆనాటి నుండి నేటివరకు మందుపాతరలను వెదకువారికి ముఖ్యమైన పరికరము అదియే. కాని దానికి రెండు చిక్కులు కలవు. యుద్ధము జరిగిన నేలలో పాతరలు మాత్రమే యుండవు. తూటాల తొడుగులు, మేకులు, తగరపు ముక్కలు, తీగెల తునకలు రాశులుగా నుండును. లోహశోధకము వానియన్నిటికిని ఒకే విధముగా కూయును. ఇదిట్లుండగా పాతరలు చేయువారు ఉక్కును మాని ప్లాస్టిక్కుతోను, కొయ్యతోను వానిని చేయసాగిరి. అట్టి పాతరలో లోహము కొలది గ్రాములో, అంతకంటె తక్కువయో యుండును. శోధకమును చుఱుకుగా నుంచినచో ప్రతి మేకుకును కూయును. మందముగా నుంచినచో పాతర తప్పిపోవును.

కావున కూత వినబడిన ప్రతిచోట పనివాడు మోకరిల్లి, సన్నని చువ్వను నేలలోనికి ఏటవాలుగా మెల్లమెల్లగా గ్రుచ్చి చూడవలసినదే. ఒక్క పాతర దొరకునప్పటికి వందలకొలది పనికిమాలిన ఇనుపముక్కలను అతడు ప్రాణములుగ్గబట్టుకొని త్రవ్వి తీయవలసియుండును. వందసారులు మేకే దొరకినవానికి నూటయొకటవసారి చేయి ఏమరుపాటు చెందుట సహజము. ఆ యొక్క యేమరుపాటే అతని కడపటిది కావచ్చును.

ఈ కష్టమును చూచి శాస్త్రజ్ఞులు ఇట్లు ఆలోచించిరి: “ఇనుము లేని పాతర యుండవచ్చును; ప్రేలుడుమందు లేని పాతర యుండదు. కావున వెదకవలసినది ఇనుమును కాదు, మందును.”

పెక్కు మందుపాతరలలో నింపబడు ప్రేలుడుమందు ట్రైనైట్రోటోలుయీన్. దీనినే క్లుప్తముగా టి.ఎన్.టి. అందురు. దీని చరిత్ర విచిత్రమైనది. 1863వ సంవత్సరమున జర్మనీ దేశపు రసాయనశాస్త్రజ్ఞుడు జూలియస్ విల్‌బ్రాండ్ దీనిని మొదట తయారుచేసెను. లేత పసుపువన్నె గల ఈ పదార్థము తొలుత వస్త్రములకు వేయు రంగుగా మాత్రమే పరిగణింపబడినది. అది సులభముగా ప్రేలదు గనుక, దానిలో అంతటి శక్తి దాగియున్నట్లు పెక్కేండ్లవరకు ఎవరును గ్రహింపలేదు. ఆ నెమ్మది గుణమే తరువాత దానిని యుద్ధమునకు లాగినది. సుమారు 80 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమికే కరగును గనుక కరగించి గుండ్లలో పోయవచ్చును. క్రింద పడినను, తట్టినను తనంత ప్రేలదు. 1902లో జర్మను సేనలు దీనిని ఫిరంగిగుండ్లలో వాడ మొదలిడెను. వస్త్రములకు వన్నె నీయవలసిన వస్తువు ఇట్లు వేలమంది వంటిపై గాయములకు కారణమయ్యెను.

ఏ పదార్థమైనను కొంత వాసనను గాలిలోనికి విడుచును. వాసన యనగా ఆ పదార్థపు అణువులు గాలిలో తేలివచ్చుటయే. కర్పూరము బరణిలో మూతపెట్టియున్నను పరిమళించుట మనము ఎరిగినదే. టి.ఎన్.టి. కూడ అణువులను విడుచును. కాని పరమ లోభివలె విడుచును. సాధారణమైన వేడిమిలో దాని ముద్దకు అంటియున్న గాలిలోనే శతకోటి అణువులకు టి.ఎన్.టి. అణువులు పదికి మించవు. ఇక ప్లాస్టిక్కు డొప్పలో నుండి, మట్టి పొరలలో నుండి, పైగాలిలోనికి వచ్చునప్పటికి ఆ కొద్దియు ఎన్నియో వేల రెట్లు పలుచనగును. మనుష్యుని ముక్కునకు అది పూర్తిగా అందనిది.

కుక్కకు అందును. కుక్క ముక్కులో వాసనను గుర్తించు కణములు కోట్లకొలది కలవు. శిక్షణ పొందిన కుక్కలు నేలలోని పాతరను గుర్తించి, దానిని తాకక, ఎదుట కూర్చుండి యజమానికి తెలుపును. ఆఫ్రికా ఖండపు సంచిబుగ్గల పెద్ద ఎలుకలు కూడ ఈ విద్యను నేర్చినవి. వానిలో ‘మగావా’ అను ఎలుక కంబోడియాలో సుమారు ఐదేండ్లు పనిచేసి 71 మందుపాతరలను, 38 ప్రేలని గుండ్లను కనుగొనెను. 2020లో దానికి ఒక బ్రిటిషు జంతుసంక్షేమ సంస్థ బంగారు పతకము నొసగెను. పాతర ప్రేలుటకు చాలనంత తేలిక గనుక ఎలుకకు అపాయము లేదు. అయినను ప్రాణులకు అలసట కలదు, ఆకలి కలదు, జబ్బు కలదు. నేర్పుటకు నెలలు పట్టును. నేర్పిన మనిషి ప్రక్కన లేనిదే పని సాగదు. అలసట యెరుగని ముక్కు నొకదానిని నిర్మింప వీలగునా అని 1990 తరువాతి సంవత్సరములలో అమెరికా దేశపు రక్షణశాఖ పరిశోధకులను ప్రోత్సహించెను. ఆ కార్యక్రమమునకు వారు పెట్టిన పేరు ‘కుక్కముక్కు’.

ఈ కృత్రిమమైన ముక్కు వాసనను వెలుగుగా మార్చి చూపవలెను. అది తెలియుటకు ముందు ‘ప్రతిదీప్తి’ యనగా నేమో తెలియవలెను.

కొన్ని పదార్థములు కంటికి కనబడని అతినీలలోహిత కాంతిని మ్రింగి, కంటికి కనబడు వెలుగుగా మార్చి వెలిగ్రక్కును. క్వినైను కరగించిన నీరు ఎండలో నీలముగా మెరయుటను పరీక్షించి, 1852వ సంవత్సరమున కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమందలి జార్జి స్టోక్స్ పండితుడు ఈ గుణమునకు ఒక పేరు పెట్టెను. దానినే మనము ప్రతిదీప్తి యనుచున్నాము. మన యిండ్లలోని పసుపునకు కూడ ఈ గుణము కలదు. చిటికెడు పసుపును స్పిరిట్టులో కలిపి వడగట్టి, చీకటిలో అతినీలలోహిత దీపము క్రింద నుంచినచో ఆ ద్రవము పచ్చగా వెలుగును. బ్యాంకులలో నోట్లను ఒక ఊదారంగు దీపము క్రింద నుంచి చూచుట కలదు. నోటుపై అంకెలు ప్రతిదీప్తి గల సిరాతో అచ్చు వేయబడుటచే ఆ దీపము క్రింద మెరయును, దొంగనోటు పట్టువడును.

వెలుగును మ్రింగిన అణువులో ఒక ఎలక్ట్రాను పై మెట్టు ఎక్కును. అది మరల క్రిందికి దిగునపుడు తాను పొందిన శక్తిని వెలుగుగా తిరిగి యిచ్చును. ఇదియే ప్రతిదీప్తి రహస్యము. అయితే ఆ ఎలక్ట్రాను పై మెట్టుపై నున్న క్షణమున దానిని లాగుకొనగల వేరొక అణువు ప్రక్కకు వచ్చినచో ఏమగును? ఎలక్ట్రాను దాని వైపునకు పోవును, వెలుగు రాదు, దీపము ఆరును. టి.ఎన్.టి. అట్టి అణువే. దానికి మూడు నైట్రో సముదాయములు కలవు. అవి ఎలక్ట్రానులను తమవైపు గట్టిగా లాగుటచే ఆ అణువు ఎల్లప్పుడును ఎలక్ట్రానుల కరవుతో నుండును. దానిని ప్రేలుడుమందుగా చేసిన ఆ నైట్రో సముదాయములే దానిని పట్టియిచ్చు గుర్తులు కూడ అగుచున్నవి. దొంగకు బలమిచ్చిన చేతికే ఆనవాలు చెప్పు మచ్చ యున్నట్లు!

కావున ప్రతిదీప్తి గల పూతను ఒక గాజుపై పూసి దానిపైకి గాలిని పంపినచో, టి.ఎన్.టి. యున్నపుడు వెలుగు తగ్గవలెను. మాట సులభమే; కాని ఇచ్చట పెద్ద చిక్కు కలదు. పూతలో వెలుగు అణువులు కోట్లకొలది యుండును. గాలితో వచ్చు టి.ఎన్.టి. అణువులు మిక్కిలి కొలది. ఒక్కొక్క టి.ఎన్.టి. అణువు ఒక్కొక్క దీపమునే ఆర్పగలదు. లక్షదీపోత్సవమున నాలుగు ప్రమిదలు కొండెక్కినచో చూచువారికి తెలియునా?

ఈ చిక్కును విప్పినవాడు తిమోతి స్వేగర్ అను అమెరికను రసాయనశాస్త్రజ్ఞుడు. అతడు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున నుండగా 1995లో తన సహపరిశోధకులతో కలిసి ఒక చక్కని ఉపాయమును ప్రకటించెను. 1996లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చేరి ఆ పనిని కొనసాగించెను.

ఆ ఉపాయమును ఒక పోలికతో గ్రహింపవచ్చును. పెండ్లిపందిళ్లకును, దేవాలయపు ఉత్సవములకును కట్టు చిన్న విద్యుద్దీపముల తోరణము అందరును ఎరిగినదే. ఒకే తీగెపై వరుసగా కూర్చిన పాతకాలపు తోరణములో ఒక్క బుడ్డి మాడినచో తక్కిన దీపములన్నియు ఆరిపోవును. పందిరి వేయువాడు మాడిన బుడ్డి ఏదో తెలియక ఒక్కొక్కదానినే విప్పి చూచుకొనుచు విసుగుచెందును. ఆ విసుగు పుట్టించు గుణమునే స్వేగర్ ప్రయోజనముగా మార్చుకొనెను. వెలుగు అణువులను విడివిడి ప్రమిదలుగా గాక, తోరణమువలె ఒకదానితో నొకటి కూర్చినచో, ఒక్కచోట తగిలిన దెబ్బ వరుసనంతయు ఆర్పును గదా!

అణువులను ఇట్లు గొలుసుగా కూర్చగా నేర్పడు పదార్థమును పాలిమరు అందురు. స్వేగర్ ఎన్నుకొన్న పాలిమరు గొలుసులలో శక్తి ఒక చివరనుండి మరియొక చివర వైపునకు తీగెలోవలె పోగలదు. వెలుగు వలన పుట్టిన శక్తి అట్టి గొలుసులో ఒకచోట నిలువదు. వీధిలో ఇల్లిల్లు తిరుగు హరిదాసువలె కడియ నుండి కడియకు పోవుచు, ఎన్నియో కడియలను చూచిన పిమ్మట గాని వెలుగై బయటపడదు. ఈ తిరుగుడంతయు సెకనులో సుమారు శతకోటవ వంతు కాలములోనే జరుగును. ఆ దారిలో ఏ ఒక్క కడియకు టి.ఎన్.టి. అణువు అంటియున్నను ఆ శక్తి అచ్చటనే చిక్కుకొనును; వెలుగు రాదు. ఒక అణువు ఒక దీపమును గాక ఒక వరుసను ఆర్పుటచే, అల్పమైన వాసన కూడ కంటికి తెలియునంతటి మార్పుగా పెరుగును.

ఉపాయము తట్టినంతనే పని ముగియలేదు. పాలిమరును పలుచని పొరగా పూయగా రెండవ చిక్కు ఎదురయ్యెను. ఆ గొలుసులు చదునైనవి. తాటాకులను ఒకదానిపై నొకటి పేర్చి కట్టినచో నడుమ సూది దూరుటకైనను సందు ఉండదు. అట్లే ఆ గొలుసులు దగ్గరగా అంటుకొని తమ వెలుగును తామే కొంత ఆర్పుకొనుచుండెను, టి.ఎన్.టి. లోనికి ప్రవేశించుటకు త్రోవయును లేకుండెను. అపుడు స్వేగరును, అతని పరిశోధనశాలలోని యాంగ్ అను శాస్త్రజ్ఞుడును ఆ గొలుసులకు నడుమనడుమ బిరుసైన కొమ్మలవంటి అణునిర్మాణములను అతికించిరి. తాటాకుల కట్టను విడిచి కంపమోపును చూడుడు. ముండ్లకొమ్మలను ఎంత బిగించి కట్టినను నడుమ గాలి ఆడుచునే యుండును. పాలిమరు పొర కూడ అట్లయ్యెను. ఒక గొలుసు మరియొకదానికి అంటదు. నడుమనున్న సన్నని సందులలో టి.ఎన్.టి. అణువులు దూరి నిలువగలవు. 1998లో వారు ఈ ఫలితమును ప్రకటించిరి. మిక్కిలి పలుచని ఆ పొర టి.ఎన్.టి. ఆవిరి సోకినంతనే అర నిమిషములో సుమారు సగము వెలుగును కోల్పోయెను. పెట్రోలు, సబ్బు, అత్తరు మొదలగువాని వాసనలలో ఎలక్ట్రానులకై అట్లు ఆకలిగొన్న అణువులు లేవు గనుక వానికి ఆ పొర అంతగా చలింపదు.

ప్రయోగశాలలోని గాజుపలకను పొలమునకు తీసికొనిపోదగిన పరికరముగా మార్చినది ఓక్లహోమా రాష్ట్రమందలి నోమాడిక్స్ అను చిన్న సంస్థ. వారు సన్నని గాజుగొట్టము లోపలివైపున పాలిమరును పూసిరి. ఆ గొట్టముగుండ గాలిని పీల్చు చిన్న పంపును, పాలిమరును వెలిగించు దీపమును, ఆ వెలుగును ఎడతెగక కొలుచు కన్నువంటి సాధనమును అమర్చిరి. నేలకు దగ్గరగా పట్టి నడచునపుడు పంపు ముక్కువలె గాలిని పీల్చును. వెలుగు తగ్గినచో పరికరము హెచ్చరించును. అమెరికాలో పెంపుడుకుక్కలకు వాడుకగా పెట్టు ‘ఫైడో’ అను పేరునే దానికి పెట్టిరి. సుమారు ఒక ఫెమ్టోగ్రాము టి.ఎన్.టి.ని కూడ అది గుర్తింపగలిగెను. గ్రామును పది కోటికోట్ల భాగములు చేసిన అందులో ఒక భాగము ఫెమ్టోగ్రాము. మిస్సౌరి రాష్ట్రమున పాతరలు పాతిన పరీక్షాక్షేత్రమున దానిని నడిపించి చూడగా, నేలలోని పాతరల వాసనను యంత్రము పట్టగలదని రుజువయ్యెను.

అయితే నేల గాజుగొట్టము వంటిది కాదు. వాన కురిసినపుడు వాసన యొక విధముగ లేచును. నేల ఎండినపుడు మట్టికణములు దానిని బిగబట్టును. పాతరమీదనే గాక ప్రక్కకు జరిగి కూడ వాసన పైకి రావచ్చును. మట్టిలోని సూక్ష్మజీవులు టి.ఎన్.టి.ని మార్చివేయును. పైకి వచ్చు వాసనలో ఎక్కువ భాగము టి.ఎన్.టి.ది కాక, దానితో కలిసియుండు డైనైట్రోటోలుయీన్ అను తోబుట్టువు వంటి పదార్థముది. పాతర యొక్కటి తప్పినను ఒక ప్రాణము పోవును గనుక, “ఇచ్చట వాసన లేదు, కావున నడువవచ్చును” అని చెప్పుటకు తగినంత విశ్వాసము ఈ పరికరమువలన కలుగలేదు. ఈ కారణముచే పాతరల క్షేత్రములలో కుక్కలను, ఎలుకలను, చువ్వ పట్టిన పనివానిని ఇది తొలగింపజాలకపోయెను.

కాని చేసిన శ్రమ వ్యర్థము కాలేదు. టి.ఎన్.టి.కి జిగట గుణము కలదు. ప్రేలుడుమందును తాకిన చేతినుండి అది తలుపుగొళ్లెమునకు, బండి చక్రపు పిడికి, సంచికి, బట్టకు అంటుకొనును; కడిగినను కొంత మిగులును. అచ్చట వాసన పాతరమీది గాలిలోకంటె ఎన్నియో రెట్లు అధికము. కావున ఇరాకుదేశపు యుద్ధమున దారిప్రక్కల దాచిన బాంబులను, వానిని తరలించు బండ్లను కనుగొనుటకు సైనికులు ఫైడోను వాడిరి. మరబొమ్మవంటి చిన్న బండికి దీనిని అమర్చి, మనిషి దూరముననే నిలిచి, అనుమానాస్పదమైన వస్తువునొద్దకు యంత్రమునే పంపుట సాధ్యమయ్యెను. తానే పోవలసిన మనిషికి బదులు యంత్రము పోయినదనగా ఒక కుటుంబము నిలిచినదన్నమాట. ఈ ఆవిష్కరణములకుగాను 2007లో స్వేగరునకు ఐదులక్షల డాలర్ల లెమెల్సన్–ఎమ్.ఐ.టి. బహుమానము లభించెను.

తరువాత ఈ విద్య పెక్కు శాఖలుగా విస్తరించినది. 2005లో స్వేగరును, అతని సహచరులును పాలిమరు పొరచేత లేసరు కాంతిని పుట్టించి, వాసన సోకినపుడు ఆ లేసరు మందగించుటను గమనించిరి. అందువలన పరికరపు చుఱుకుదనము ముప్పది రెట్లకు పైగా హెచ్చెను. 2017లో జెరూసలేము నగరమందలి హీబ్రూ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు మరియొక మార్గమును త్రొక్కిరి. డైనైట్రోటోలుయీన్ వాసన తగిలినపుడు ఆరుటకు మారుగా వెలుగునట్లు వారు సూక్ష్మజీవులను మార్చి, చిన్న పూసలలో నిమిడ్చి, పాతరలున్న నేలపై చల్లిరి. రాత్రివేళ 20 మీటర్ల దూరమునుండి లేసరు కాంతిని ప్రసరింపజేయగా పాతరలున్న తావులలోని పూసలు ప్రతిదీప్తితో తెలియవచ్చినవి. ఎవ్వరును ఆ నేలపై అడుగిడ పనిలేకపోయెను. మన హైదరాబాదు విశ్వవిద్యాలయమున కూడ ప్రేలుడుమందుల జాడలను లేసరు కాంతిచే గుర్తించు పరిశోధనలు జరిగినవి. అచ్చటి పద్ధతి ప్రతిదీప్తి కాదు; పదార్థముపై బడి చెదరిన కాంతిలోని మార్పులను బట్టి ఆ పదార్థము నెఱుగుట. చంద్రశేఖర వేంకట రామన్ 1928లో కనుగొన్న రామన్ ఫలితమే దానికి ఆధారము.

ఈ కథలో గమనింపదగిన విషయములు మూడు కలవు. మొదటిది: స్వేగర్ టి.ఎన్.టి.ని వెదకుటకై తన పని నారంభింపలేదు. శక్తి అణువుల గొలుసులో ఎట్లు ప్రయాణము చేయునో తెలిసికొనుటయే అతని తొలి ప్రయత్నము. 1995లో అతని పాలిమరు గుర్తించిన వస్తువు పొలములలో కలుపును చంపు పారాక్వాట్ వంటి రసాయనము. మూలసూత్రము చేతికి చిక్కిన పిమ్మట అది ఏ పనికి అక్కరకు వచ్చునో ముందుగా చెప్పుట ఎవరితరము? రెండవది: అనుకొన్నచోట పూర్తిగా నెగ్గని పరికరము అనుకొనని తావున ప్రాణములను కాపాడినది. కొరత కనబడినపుడు దానిని దాచక, అది ఎచ్చట పనికివచ్చును, ఎచ్చట పనికిరాదు అని కొలిచి చెప్పుటచేతనే అది సాధ్యమైనది. మూడవది: రంగుగా పుట్టిన పదార్థమును మనుష్యుడే మారణాయుధముగా మార్చెను, ఆ ఆయుధమును పసిగట్టు దీపమును కూడ మనుష్యుడే చేసెను. శాస్త్రము చేతిలోని కత్తి వంటిది. అది కూరను కోయునా, కుత్తుకను కోయునా అనునది చేతి పని.

మందుపాతరను పాతుటకు నిమిషములు చాలును, ఖర్చును స్వల్పము. దానిని వెదకి తీయుటకు ఏండ్లు పట్టును. ధనమును, ధైర్యమును, కొన్నియెడల ప్రాణములును కావలెను. కీడు చేయుట ఎంత తేలికయో, చేసిన కీడును తుడిచివేయుట ఎంత కష్టమో చెప్పుటకు ఇంతకంటె వేరొక నిదర్శనము అక్కరలేదు. అట్టి కష్టమైన పనిని తలకెత్తుకొన్నవారు ప్రయోగశాలలో నుండి గాజుగొట్టమునకు పూతపూయువారైనను, ఎండలో మోకరిల్లి చువ్వ పట్టినవారైనను, ఒకే పనికి చెందిన కూలీలు. వారి శ్రమ ఫలించిన నేలలో రైతు మరల నాగలి పట్టును. బాలుడు వెనుదిరిగి చూడక బడికి పరుగెత్తును.

ప్రశ్నలు

1. లోహశోధకముతో మందుపాతరలను వెదకుటలో గల రెండు చిక్కులను వివరింపుము.
2. టి.ఎన్.టి. యొక్క పుట్టుకను, అది ప్రేలుడుమందుగా మారిన విధమును వ్రాయుము.
3. ప్రతిదీప్తి యనగా నేమి? మన నిత్యజీవితమునుండి రెండు ఉదాహరణముల నిమ్ము.
4. విడివిడి ప్రమిదలకును, విద్యుద్దీపముల తోరణమునకును గల భేదమును పాలిమరు పొరకు అన్వయించి చెప్పుము.
5. ‘తాటాకుల కట్ట’, ‘కంపమోపు’ అను పోలికలు దేనిని తెలుపుచున్నవి?
6. ఫైడో పరికరము పాతరల క్షేత్రమున పూర్తిగా నెగ్గకపోవుటకు కారణములేవి? అది ఎచ్చట ఉపయోగపడెను?
7. “శాస్త్రము చేతిలోని కత్తి వంటిది” — ఈ వాక్యమును సమర్థించుచు పది పంక్తులు వ్రాయుము.